అమ్మని పద్దు

కందుకూరు, పామూరు రోడ్డు.
మాల్యాద్రి హోమ్ నీడ్స్‌లో నేను చేరిన పూట
రెండు పుస్తకాలు నా ముందు పెట్టాడాయన.
ఒకటి ఏ కొట్లోనైనా ఉండేదే, ఎర్రట్టది.
రెండోది బడిపిల్లల నోటుబుక్కు,
పైన బాల్ పెన్నుతో 'అమ్మని పద్దు'.
"ఎవురమ్మని సార్?" అన్నాను.
నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

జూన్ తొమ్మిది. వలేటివారిపాలెం ఆవిడ. మిక్సీ కావాలంది.
పాతదానికి బుష్ అరిగింది, అంతే. నలభై రూపాయలు.
మిక్సీ అమ్మలా.
జూన్ పదకొండు. లింగసముద్రం కుర్రోడు. ఏసీ.
రేకుల ఇల్లు. ముందు పైన సున్నం కొట్టి చూడమన్నా.
అమ్మలా.
అదే రోజు, సందేళ. కుక్కరు. గాస్కెట్టుతో సరి.
ఇట్టా పేజీల కొద్దీ,
కింద మొత్తం మాత్రం ఎప్పుడూ వెయ్యడు.

పొగాకు వేలం సాగే నెలల్లో
రైతు జేబులో నోటు కుదురుగా కూర్చోదు,
వీధి వైపు తొంగి తొంగి చూస్తుంది.
ఎదురు కొట్టు షామియానా వేస్తుంది,
మైకు పొద్దుటి నించీ గొంతు చించుకుంటుంది:
పాతది తెండి, కొత్తది పట్టకపోండి.
కంపెనీ మనిషి నెల్లూరు నించి వచ్చి
మెత్తగా చెప్పాడు, వంద ఫ్రిజ్జులకి గోవా అని.
"గోవాలో ఉండేది సముద్రమే గదబ్బయ్యా,
రామాయపట్నంలో ఉండాది మాకు."
టీ తాగించి పంపాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండేది.
"నీతి బాగానే ఉండాది సార్,
ఇయ్యాళ పన్నెండో తారీకు, నా జీతం?"
వైండింగ్ బల్ల సొరుగులోంచి
రాగి పొట్టు అంటిన నోట్లు
లెక్కపెట్టి ఇచ్చాడు. మూడొందలు తక్కువ.
"రేపు రెండు ఫ్యాన్లు తీసకపోతారులేమ్మా."

ఆయన బేరింగుల కోసం ఒంగోలు పోయిన రోజు
గుడ్లూరు నించి తిరపతమ్మ వచ్చింది,
గ్రైండరు రాయి కోసం.
ఇంట్లో ఇద్దరే. గేదె ఉంది. ఏ పూట కూర ఆ పూటే.
డబుల్ డోర్ ఫ్రిజ్జు తలుపు తీసి
ఆ చలి ఆమె మొహం మీదికి వదిలాను.
"మాకెందుకులే తల్లీ" అంది.
"వేలం డబ్బు చేతిలో ఉండగానే
వస్తువు ఇంట్లో పడాలి పెద్దమ్మా" అన్నాను.
నా నోట అంత తియ్యటి మాట
నేనెప్పుడూ విని ఉండలేదు.
నా వాటా ఆరొందలు. చెప్పులు కొనుక్కున్నాను.

నాలుగు నెలలకి, కంతు డబ్బులకని
ఆ చెప్పులేసుకునే గుడ్లూరు పోయాను.
వసారాలో ఫ్రిజ్జు. ప్లగ్గు తీసి ఉంది.
మంచినీళ్ళడిగితే కుండలోంచి ముంచి ఇచ్చింది.
"కరెంటు బిల్లుకి జడిసి ఆపేశాం.
అయినా ఎంత మేలు చేశావు తల్లీ,
ఎలకలు దూరవు, చూడు."
తలుపు తీసింది.
పై అరలో మడతపెట్టిన చీరలు,
రేషన్ కార్డు, భూమి పాసు పుస్తకం.
గుడ్ల గుంటల్లో, గుంటకొకటిగా,
ముసలాయన బీపీ మాత్రలు.
మంచి బీరువా ఇచ్చానంట.
ఎగతాళి కాదు, నిజంగానే అంది.
కంతు ఊసెత్తలేక
నీళ్ళు తాగి వచ్చేశాను.

ఆ రాత్రి షట్టర్ దించే ముందు
నోటుబుక్కులో మొదటిసారి నా చేతిరాత:
గుడ్లూరు తిరపతమ్మ. ఫ్రిజ్జు. అమ్మినా.

మాల్యాద్రి చదివాడు. అద్దాలు తుడుచుకుని
మళ్ళీ చదివాడు. తారీకు మర్చిపోయానని
తనే వేశాడు.
"పొద్దున్నే ఆటో మాట్లాడు. వెనక్కి తెచ్చుకుందాం.
ఆ గుడ్డలు పెట్టుకోడానికి
ఇనప బీరువా ఒకటి చూడాల ఆమెకి."
డబ్బులెక్కడివి సార్ అన్నాను.
ఎవరిదో మిక్సీ మర బిగిస్తున్నాడు,
వినబడలేదో, వినలేదో.

ఎర్రట్ట పుస్తకం తెరిచి కూర్చున్నాను.
ఇది ఏ వైపు రాయాలో
ఇప్పటికీ తేలలేదు.